ఫోన్ రాలేదంటే అంతా బాగున్నట్టేనా? చిన్న క్లినిక్‌లో టెస్టు రిపోర్టు పేషెంటుకు చేరేదాకా ఏం చెయ్యాలి

"ఏమైనా ఉంటే మేమే ఫోన్ చేస్తామండీ." కౌంటర్ దగ్గర ఈ మాట అనడం ఈరోజు నుంచి మానెయ్యండి. మిగతావన్నీ తర్వాత.

ఆ మాట విన్న పేషెంటు ఇంటికెళ్లి ఏమనుకుంటాడు? ఫోన్ రాలేదు కాబట్టి ఏమీ లేదనుకుంటాడు. కానీ ఫోన్ రాకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. శాంపిల్ ల్యాబుకు చేరనే లేదు. చేరింది గానీ పాడైపోయింది. రిపోర్టు వచ్చింది, వేరేవాళ్ల ఫైల్లో పడింది. డాక్టరుగారు చూశారు, సిస్టరు చెప్పే ఉంటుందిలే అనుకున్నారు. సిస్టరేమో డాక్టరుగారే చెప్పారనుకుంది. ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు. ఇందులో ఏది జరిగినా అవతల మనిషికి తెలిసేది ఒక్కటే, ఫోన్ మోగలేదని.

మా అత్తయ్యగారి విషయంలో ఇదే జరిగింది. మెడ దగ్గర గడ్డ ఉంటే ఊళ్లో ఒక ఆసుపత్రిలో సూదితో తీసి టెస్టుకు పంపారు. వారంలో వస్తుందన్నారు. వారమైంది, రెండు వారాలైంది. "ఏమీ ఉండదులే, ఉంటే చెప్పేవారు" అని ఆవిడే మాకు ధైర్యం చెప్పారు. పంతొమ్మిదో రోజున వేరే పని మీద అటు వెళ్లి అడిగితే, రిపోర్టు ఎనిమిదో రోజునే వచ్చి ట్రేలో ఇంకొకరి స్కానింగ్ కాగితాలతో కలిపి పిన్ను కొట్టి ఉంది. థైరాయిడ్ ఆపరేషను చేయించాం, ఇప్పుడు బాగానే ఉన్నారు. ఆ ఆసుపత్రిలో ఎవరూ పని ఎగ్గొట్టలేదు. చెప్పడం ఫలానావాళ్ల పని అని ఎవరికీ అప్పజెప్పలేదు, అంతే. అప్పటికే నేను మా క్లినిక్ కౌంటర్లో నాలుగేళ్లుగా కూర్చుంటున్నాను. మా దగ్గరా అదే పద్ధతి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కింద రాసింది ఒక డాక్టరు, ఒకరిద్దరు సిస్టర్లు, శాంపిళ్లు బయటి ల్యాబుకు పంపే చిన్న క్లినిక్కుల కోసం. మా విశాఖలో గాజువాకలోనూ పెందుర్తిలోనూ మధురవాడలోనూ సందుకొకటి ఉంటాయి కదా, అలాంటివాటికి. కంప్యూటర్ అక్కర్లేదు.

1. రక్తం తీసేటప్పుడే తేదీ చెప్పండి

రిపోర్టు వచ్చాక ఎలా చెప్పాలా అని ఆలోచిస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. పేషెంటు మీ ఎదురుగా ఉన్నప్పుడే తేల్చుకోండి. నేనిలా చెప్తాను: "రేపు సాయంత్రం ఏడులోపు మేం ఫోన్ చేస్తాం. బాగున్నా చేస్తాం, బాగోకపోయినా చేస్తాం. చెయ్యలేదంటే మేం మర్చిపోయామని లెక్క. ఎల్లుండి పొద్దున్నే మీరు ఫోన్ చేసి మమ్మల్ని తిట్టండి." నవ్వుతారు. నవ్వారంటే గుర్తుంటుంది. ఆ తేదీని మందుల చీటీ మీదే పెద్ద అక్షరాలతో రాయండి. బిల్లు మీద రాస్తే ఆర్టీసీ కాంప్లెక్సు చేరేలోపు పారేస్తారు, చీటీని మాత్రం పదేళ్లయినా ప్లాస్టిక్ కవర్లో దాచుకుంటారు.

తేదీ చెప్పాలంటే ఏ టెస్టు ఎన్నాళ్లు పడుతుందో మీకు తెలియాలి. షుగరు, రక్తం లెక్కలు అదేరోజు వస్తాయి. యూరిన్ కల్చర్‌కు రెండు మూడు రోజులు, ఎందుకంటే సూక్ష్మక్రిమి పెరగాలి, దాన్ని తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు. ముక్క పరీక్షకు (బయాప్సీ) సుమారు వారం, దాని మీద అదనపు పరీక్షలు అవసరమైతే ఇంకా ఎక్కువ. క్షయ కల్చర్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు కూడా పట్టొచ్చు. ల్యాబువాళ్లు చెప్పినదానికి ఒకరోజు కలిపి చెప్పండి.

ఇక ఫోన్ నంబరు. రాసుకున్న వెంటనే అక్కడికక్కడే మిస్డ్ కాల్ ఇవ్వండి. పేషెంటు జేబులోనో చేతిసంచిలోనో మోగాలి. మోగలేదంటే అంకె తప్పు, లేదా ఫోన్ ఇంట్లో ఉంది, లేదా అది గాజువాకలో ఉన్న కొడుకు నంబరు. కొడుకు నంబరైతే తప్పేం లేదు గానీ, అది కొడుకుదని పక్కన రాసుకోవాలి. పాత పేషెంటని పాత నంబరుకు చెయ్యకండి. రీఛార్జ్ ఆపేసిన నంబరు కొన్నాళ్లకు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. వాళ్లెవరికో మీరు ఇంకొకరి షుగరు లెక్క చదివి వినిపిస్తారు.

దీంతోపాటే ఇంకో ప్రశ్న: "మీరు ఫోన్ ఎత్తకపోతే ఇంట్లో ఎవరికి చెప్పొచ్చు? ఎవరికీ చెప్పొద్దా?" ఈ ప్రశ్నను పక్కన ఎవరూ లేనప్పుడు అడగండి, ముఖ్యంగా ఆడవాళ్లను. వెంట వచ్చిన ఆడపడుచు ముందు అడిగితే ఏ కోడలైనా "మా వదినకి చెప్పండి" అనే అంటుంది. బరువు చూసే నెపంతో లోపలికి పిలిచి అడిగితే సమాధానం మారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

2. పేరు ఒక్కటే చూసి నమ్మకండి

ఉత్తరాంధ్రలో కౌంటర్లో కూర్చునేవాళ్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. సింహాచలం అంటే మగాయన కావచ్చు, ఆవిడ కావచ్చు. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, నూకరాజు, పైడిరాజు... ఒకే పొద్దున ఓపీలో ముగ్గురు అప్పలరాజులు తగిలిన రోజులున్నాయి, అందులో ఇద్దరికి ఇంటిపేరూ ఒకటే. అందుకని ప్రతిచోటా రెండు గుర్తులు సరిపోలాలి: ఇంటిపేరుతో సహా పేరు, దానితోపాటు వయసో ల్యాబ్ నంబరో. ట్యూబు మీద లేబుల్ రక్తం తీశాక, పేషెంటు కుర్చీలోంచి లేవకముందే అంటించాలి. ముందే అంటించి వరసగా పేర్చుకోవడం చూడ్డానికి బాగుంటుంది, కొంప ముంచేదీ అదే.

"మీరు అప్పలరాజేనా?" అని అడగకండి. సగం చెముడున్న పెద్దాయన ఏదడిగినా తలూపుతాడు. "మీ పేరు చెప్పండి బాబుగారూ" అనండి. పేరు ఆయన నోటి నుంచే రావాలి.

3. "రావలసినవి" పుస్తకం

ఈ మొత్తం రాతలో ఒక్కటే పాటించే ఓపిక ఉందంటే ఇది పాటించండి. వచ్చిన రిపోర్టులను రాసే రిజిస్టరు అందరి దగ్గరా ఉంటుంది. రాని రిపోర్టులు అందులో కనపడవు కదా. మనకు కావలసింది పంపిన ప్రతి టెస్టునూ పంపిన రోజే ఎక్కించే పుస్తకం.

రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. గళ్లు ఇలా గీయండి: పంపిన తేదీ, పేరు-వయసు, ఫోన్, ఏ టెస్టు, ఎప్పటికి రావాలి, ఎప్పుడొచ్చింది, డాక్టరుగారి సంతకం, ఎవరు ఎవరికి ఎన్నింటికి చెప్పారు, ఏం చెయ్యమన్నారు. మా పుస్తకంలో ఒక వరస ఇలా ఉంటుంది:

12వ తేదీ. సింహాచలం (ఆ), 54. థైరాయిడ్, క్రియాటినిన్. 13 సాయంత్రానికి రావాలి. వచ్చింది 13, 5.40. సంతకం 7.15. నేను, ఆవిడకే, 7.30. థైరాయిడ్ బిళ్ల మోతాదు పెంచారు, చీటీకి రేపు వస్తారు, మళ్లీ టెస్టు ఆరు వారాలకు.

నిండిన గళ్లను మీరు చూడక్కర్లేదు. రోజూ తలుపు వేసేముందు, ఖాళీగా ఉన్న గళ్ల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రండి. "ఎప్పటికి రావాలి" తేదీ దాటిపోయి "వచ్చింది" గడి ఖాళీగా ఉంటే ల్యాబుకు ఫోన్ చెయ్యాలి. వచ్చింది గానీ సంతకం లేదంటే డాక్టరుగారు బండెక్కకముందే ఆపాలి. సంతకం ఉండి చెప్పినట్టు లేదంటే ఆ ఫోన్ ఇప్పుడే. నాకిది పది నిమిషాల పని. మొదటివారం పుస్తకం పెట్టినప్పుడు అసలు తిరిగి రాని శాంపిళ్లు మూడు బయటపడ్డాయి. వాటిలో ఒకటి కలెక్షన్ కుర్రాడి బండి డిక్కీలోనే ఉండిపోయింది. ఆ మూడూ అంతకుముందైతే "అంతా బాగుంది" లెక్కలోకి పోయేవే.

ఎక్సెల్‌లో పెట్టుకుంటామంటే పెట్టుకోండి. నాకు మాత్రం టేబుల్ మీద తెరిచి కళ్లెదురుగా పడి ఉండే పుస్తకమే నయం. కంప్యూటర్ ఆపేస్తే అందులో ఉన్నవీ లేనివీ అన్నీ మాయమైపోతాయి.

4. రిపోర్టు ముందు డాక్టరుగారి చేతికి, తర్వాతే కౌంటర్‌కు

రిపోర్టు వచ్చీ రాగానే పేషెంటు చేతిలో పెట్టేస్తే ఏమవుతుందో తెలుసు కదా. గీటు దాటిన అంకెలు నల్లగా అచ్చయి ఉంటాయి. వాటిని పట్టుకుని యూట్యూబు చూస్తారు. కాబట్టి డాక్టరుగారు చూసి మూడు వంతులుగా వేరు చెయ్యాలి: ఇప్పుడే చెప్పాల్సినవి, ఇవాళ చెప్పాల్సినవి, రివ్యూకు వచ్చినప్పుడు వివరించినా సరిపోయేవి. మూడో రకానికి కూడా "వచ్చింది, పరవాలేదు, ఫలానా రోజు రండి" అని ఒక ఫోన్ ఉండాల్సిందే.

"ఇప్పుడే" అన్నదానికి హద్దులు డాక్టరుగారి చేత రాయించి గోడకు అంటించండి. ఆయన లేనప్పుడు ల్యాబు నుంచి ఫోన్ వస్తే మీరు ఊహించక్కర్లేకుండా ఉండాలి. ప్రతి డాక్టరుకూ, ప్రతి ల్యాబుకూ సొంత హద్దులుంటాయి. మా గోడ మీద ఉన్నవి: పొటాషియం 6 దాటితే లేదా 2.5 కన్నా తగ్గితే, సోడియం 120 కన్నా తగ్గితే, షుగరు 50 కన్నా తక్కువైతే లేదా 400 దాటితే, రక్తం (హిమోగ్లోబిన్) 7 పాయింట్ల కన్నా తగ్గితే, ప్లేట్‌లెట్లు 20,000 కన్నా పడిపోతే, గుండెపోటుకు చేసే ట్రోపోనిన్ ఎక్కువగా వస్తే. వీటికి రాత్రి పగలు చూడకూడదు. డాక్టరుగారిని లేపండి.

ల్యాబువాళ్లు ఫోన్లో అంకె చెప్తే మీరు రాసుకుని, రాసినదాన్ని తిరిగి చదివి వినిపించి, అవునని అనిపించుకోవాలి. ఫ్యాను గోలలో "ఆరు పాయింట్ రెండు" "మూడు పాయింట్ రెండు"గా వినపడడం ఎంతసేపు? ఇంకొకటి, పొటాషియం బాగా ఎక్కువొస్తే శాంపిల్ హీమోలైజ్ అయిందా అని అడగండి. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అయిందంటే మళ్లీ తీయాలా, ఈలోగా ఏం చెయ్యాలి అన్నది డాక్టరుగారు చెప్తారు. మీరే తేల్చేసి ఊరుకోకండి.

5. ఫోన్లో ఎలా చెప్పాలి

ముందు అవతల ఉన్నది ఎవరో తెలుసుకోవాలి. పేరు, వయసు వాళ్లచేతే చెప్పించండి. బస్సులో ఉన్నారా, పదిమందిలో ఉన్నారా అడగండి. తర్వాత మూడే ముక్కలు: ఏం వచ్చింది, దానర్థమేంటి, మీరేం చెయ్యాలి ఎప్పటికల్లా. నాలుగో ముక్క చెప్తే మొదటిది మర్చిపోతారు.

పాజిటివ్, నెగటివ్ అనే మాటలు నోట్లోంచి రానివ్వకండి. కఫం పరీక్ష పాజిటివ్ వచ్చిందంటే "హమ్మయ్య" అని దేవుడికి దణ్ణం పెట్టుకున్న తల్లి నాకు తెలుసు. పాజిటివ్ అంటే మంచిదే కదా అని ఆవిడ లెక్క, అందులో తప్పేముంది? "జబ్బు ఉన్నట్టు వచ్చింది", "జబ్బు లేనట్టు వచ్చింది" అనండి.

ఇక అసలు సంగతి. ఒక పెద్దాయనతో నా మాటలు ఇలా నడిచాయి.

"బాబాయిగారూ, మీ కిడ్నీ టెస్టులో పాయింట్లు కొంచెం పెరిగాయి. 1.9 ఉంది. మోకాళ్ల నొప్పులకు వాడుతున్న బిళ్ల ఇవాళ్టి నుంచి ఆపెయ్యమన్నారు డాక్టరుగారు. సోమవారం పొద్దున్న పదింటికి రావాలి."

"సరేనమ్మా."

ఇక్కడ ఫోన్ పెట్టేస్తాం అందరం. పెట్టకండి.

"ఇప్పుడు పిన్నిగారు అడిగితే ఏమని చెప్తారు? నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను."

"ఏటుంది తల్లీ, కిడ్నీలు పోనాయంట, మిషను మీద పెట్టాలంట."

ఆ మాటలు నేను అనలేదు. ఆయన వీధిలో ఎవరికో డయాలసిస్ జరుగుతోంది, కిడ్నీ అన్న మాట వినగానే ఆయన మనసు అక్కడికి పోయింది, బిళ్ల సంగతి చెవిన పడనే లేదు. మళ్లీ చెప్పాను: కిడ్నీలు పోలేదు, ఈ బిళ్ల వల్ల పాయింట్లు పెరిగి ఉండొచ్చు, అందుకే ఆపమన్నారు. రెండోసారి ఆయన "నొప్పి బిళ్ల ఆపాల, సోమారం పదింటికి రావాల" అన్నాక పుస్తకంలో రాశాను. "అర్థమైందా?" అని అడిగితే మన ఊళ్లో కాదనేవాళ్లు ఉండరు. మర్యాదకోసమైనా అయిందనే అంటారు. పరీక్ష పెట్టినట్టు కాకుండా, తప్పు మనమీద వేసుకుని తిరిగి చెప్పించుకోవాలి.

6. వాట్సాప్

పీడీఎఫ్ పంపడం తేలిక. అందుకే అది పంపేసి చెప్పేశామనుకుంటాం. రెండు టిక్కులు నీలంగా మారాయంటే ఆ ఫోన్లో ఎవరో తెరిచారని మాత్రమే. అది మనవడు కావచ్చు. కాబట్టి ఫోన్ ముందు, పీడీఎఫ్ వెనక. ఫైలు కింద ఒక్క వాక్యం తెలుగులో రాయండి: "షుగరు ఎక్కువ ఉంది, మందు మార్చాలి, గురువారం రండి." వాయిస్ మెసేజి పెట్టినా మంచిదే, చదవలేనివాళ్లు మళ్లీ మళ్లీ వింటారు. క్లినిక్‌కు వేరే ఫోన్ ఉండాలి. సిస్టరు సొంత ఫోన్లో పేషెంట్ల రిపోర్టులు ఆమె పెళ్లి ఫొటోలతో కలిసి ఉండకూడదు. పంపేముందు నంబరులో చివరి నాలుగు అంకెలు చీటీతో సరిచూసుకోండి. స్టాఫ్ గ్రూపులో రిపోర్టు పెట్టే అలవాటుంటే ఇవాళే మానిపించండి.

పీడీఎఫ్ ఆస్ట్రేలియాలో ఉన్న అబ్బాయికీ వెళ్తుంది, అది మన చేతిలో లేదు. అక్కడ షుగరును వేరే కొలమానంలో చూస్తారు, మన 126 వాళ్లకు 7. "అమ్మా, ఏడు దాటితేనే షుగరంటారు ఇక్కడ, నీకు 180 ఏంటి!" అని అర్ధరాత్రి కంగారుపడి ఫోన్ చేస్తారు. పద్దెనిమిదితో భాగించుకోమనండి.

7. ఫోన్లో చెప్పకూడనివి

ముక్క పరీక్షలో క్యాన్సర్ అని వస్తే అది డాక్టరుగారే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. మీరు ఫోన్ చేసేది పిలవడానికే. "రిపోర్టు వచ్చింది, డాక్టరుగారు మీతో నెమ్మదిగా మాట్లాడతానన్నారు, రేపు పదకొండింటికి ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని రండి." "బాగానే ఉందా?" అని తప్పకుండా అడుగుతారు. అబద్ధం చెప్పకండి. "దాని గురించే మాట్లాడాలన్నారు" అనండి. మర్నాటికే టైము ఇవ్వాలి. ఇలాంటి ఫోన్ శనివారం రాత్రి చేసి సోమవారం రమ్మంటే ఆ ఆదివారం ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

హెచ్ఐవీ ఫలితం కూడా మనిషికి మనిషే, గదిలో, కౌన్సెలింగ్‌తో చెప్పాలి. 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం, అందులో చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, పేషెంటు అనుమతి లేకుండా బయటపెట్టడానికి లేదు. భార్యే అడిగినా, కొడుకే అడిగినా కౌంటర్లో మీ నోరు మూతపడాలి. గర్భిణి స్కానింగ్‌లో బిడ్డ ఆడా మగా అన్నది మాటతోగానీ సైగతోగానీ స్వీటు రంగుతోగానీ చెప్పడం 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నేరం. క్షయ విషయంలో ఇంకో పని కూడా ఉంది. కేసు తేలితే ప్రైవేటు డాక్టరైనా ప్రభుత్వానికి తెలియజేయాలని 2012 నుంచీ నిబంధన. ప్రభుత్వం క్షయ కేసుల కోసం పెట్టిన నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కించాక పుస్తకంలో ఆ గడి పక్కనే టిక్కు పెట్టుకోండి.

8. దొరకనివాళ్లు

ఫిషింగ్ హార్బర్ నుంచి బోటెక్కిన మనిషి పది పదిహేను రోజులకు గానీ రాడు. తీరం దాటి కొంతదూరం పోయాక ఫోన్ అందదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు ఒడ్డునే దొరుకుతారు, అత్యవసరం కాని టెస్టులు అప్పుడు పెట్టుకోమనడమే మేలు. మిగతా రోజుల్లో రక్తం తీసేటప్పుడే "మళ్లీ వేటకు ఎప్పుడు?" అని అడగండి. స్టీల్‌ప్లాంట్‌లో రాత్రి డ్యూటీ చేసినాయనకు పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేస్తే నిద్రలో ఊఁ కొట్టి మర్చిపోతాడు, సాయంత్రం చెయ్యండి. పాడేరు, అరకు వైపు కొండల్లో సిగ్నల్ ఉన్న గుట్ట ఎక్కితేనే ఫోన్ కలుస్తుంది. వాళ్లకు సంత రోజు ఎప్పుడో కనుక్కుని ఆరోజు చెయ్యండి. సంతకు దిగినప్పుడు ఫోన్లు పనిచేస్తాయి.

మా లెక్క ఇది: వేర్వేరు వేళల్లో మూడుసార్లు ఫోన్, ప్రతిసారీ టైము పుస్తకంలో. దొరక్కపోతే పేషెంటు ముందే చెప్పిన రెండో మనిషికి. వాళ్లతో కూడా "క్లినిక్‌కు రమ్మని చెప్పండి" అన్న మాటే, పేషెంటు చెప్పమంటేనే ఫలితం. అదీ కుదరకపోతే అంటించిన కవర్లో ఉత్తరం, కవరు మీద జబ్బు పేరు ఉండకూడదు. "ఇప్పుడే" రకమైతే వీటన్నిటికీ ఆగకూడదు. మూడు ఫోన్లూ అరగంటలోనే అయిపోవాలి, ఆ తర్వాత ఇంటికి మనిషిని పంపాలి. ఊరు దూరమైతే అక్కడి ఆశా కార్యకర్త ద్వారా కబురు, "వెంటనే దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లమనండి" అని మాత్రమే.

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)‌కు పంపించినవాళ్లనూ వదలకండి. 1923 నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా నుంచి కూడా జనం వచ్చే ఆసుపత్రి అది, ఆ ఓపీ రద్దీలో మీ పేషెంటు చేతిలో ఉన్న కాగితమే అతని కథంతా. రిఫర్ చేసేటప్పుడు "ఇంకా రావలసిన రిపోర్టు: యూరిన్ కల్చర్, ఫలానా తేదీ, మా నంబరు ఇది" అని చీటీలో రాసి పంపండి. వచ్చాక పేషెంటుకే ఫోన్ చేసి, అక్కడి డాక్టరుకు చూపించమని చెప్పాలి.

9. సిస్టరు సెలవు పెట్టిన రోజు

పుస్తకం ఎవరి చేతిలో ఉందో ఆ పేరు పై మూలన పెన్సిల్‌తో రాసి ఉంటుంది మా దగ్గర. సెలవు పెట్టేవాళ్లు ముందురోజు సాయంత్రం తమ పేరు తుడిచి, ఎదుటిమనిషి చేత ఆమె పేరు ఆమె చేతితోనే రాయించాలి. పోయిన సంక్రాంతికి ముగ్గురం ఒకేసారి ఊళ్లకు వెళ్లాల్సి వచ్చింది. ఆ నాలుగు రోజులూ డాక్టరుగారి పేరే ఉంది అక్కడ. పండగ అయి వచ్చి చూస్తే గళ్లన్నీ నిండి ఉన్నాయి. ఆయన రాత మాత్రం మాకెవరికీ అర్థం కాలేదు, కూర్చోబెట్టి ఒక్కో వరసా చదివించుకున్నాం.